హెచ్.ఎం. కుర్చీలో మీరు మీరుగా ఉండటం ఎలా: కొత్త ప్రధానోపాధ్యాయులకు ఒక ఏడాది సాధన

పదోన్నతి మీద ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా చార్జి తీసుకున్నవారికి మొదటి నెలలో ఎదురయ్యే అసలు ఇబ్బంది బిల్లులూ రికార్డులూ కాదు. వాటిని నేర్పడానికి పక్క మండలంలో అనుభవమున్న మిత్రులుంటారు, శిక్షణ తరగతులుంటాయి, ఆఫీసు పని తెలిసిన సిబ్బంది ఉంటారు. నిన్నటిదాకా మనం స్టాఫ్ రూములో ఏ వరుసలో కూర్చున్నామో ఆ వరుసలోనివారే ఇవాళ సెలవు చీటీ పట్టుకుని మన బల్ల ముందు నిలబడతారు చూడండి, కష్టం అక్కడ మొదలవుతుంది. ఆ క్షణంలో చాలామంది తాము ఎప్పుడో చూసిన ఒక హెచ్.ఎం. గొంతును అరువు తెచ్చుకుంటారు. మరికొందరు అందరి దగ్గరా మంచివారనిపించుకోవాలని ప్రతి నిర్ణయాన్నీ రేపటికి నెట్టేస్తారు. రెండు రకాలవారిలోనూ ఆ కుర్చీలో ఉన్న మనిషి ఎవరో సిబ్బందికి అంతు పట్టదు, అంతు పట్టని మనిషిని ఎవరూ నమ్మరు.

రెండు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పదకొండేళ్లు ఆ కుర్చీలో కూర్చుని, పదవీ విరమణ తర్వాత కొత్తగా చార్జి తీసుకున్నవారితో తరచుగా మాట్లాడుతున్నవాడిగా, నాకు ఆలస్యంగా తెలిసిన ఒక పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. దీనిని నిజాయితీ గల నాయకత్వం అనవచ్చు. మనం నమ్మేదీ, చెప్పేదీ, చేసేదీ ఒకటే అయి ఉండటం, అది ఎదుటివారికి కూడా కనబడటం అని దాని అర్థం. ఈ విషయాన్ని పరిశోధించినవారు దీనిలో నాలుగు గుణాలను చూస్తారు: తన బలాలనూ లోపాలనూ ఎరిగి ఉండటం, దాపరికం లేకుండా మెలగడం, తనకు నచ్చని సమాచారాన్ని కూడా సమంగా తూచడం, బయటి ఒత్తిడిని బట్టి కాక లోపలి ప్రమాణాన్ని బట్టి నిర్ణయించడం. వీటిలో మొదటిది లేకుండా మిగతా మూడూ నిలబడవు. అయితే తనను తాను తెలుసుకోవడమంటే కళ్లు మూసుకుని తన గురించి ఆలోచించడం కాదు. అలా ఆలోచించినప్పుడు మనం ఎలా ఉండాలనుకుంటామో అదే కనబడుతుంది. చేసిన పనులను కాగితం మీద పెట్టి, కొంతకాలం పోయాక పరాయివాడి పనుల్లా చదువుకున్నప్పుడే మనం ఎవరమో మనకు తెలుస్తుంది.

కావలసినవి ఒక 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, రోజుకు పావుగంట సమయం, ఒక విద్యా సంవత్సరమంత ఓపిక. నోట్‌బుక్కును బడిలో ఉంచకండి, ఇంట్లోనే ఉంచుకోండి.

మొదటి అడుగు: మీ బడి జీవితాన్ని రాసుకోండి

బడులు తెరవకముందే, అంటే వేసవి సెలవుల్లోనే, రెండు ఆదివారాలు దీనికి కేటాయించండి. విద్యార్థిగా ఒకటో తరగతి నుంచి, ఉపాధ్యాయులుగా నిన్నటి వరకు మీకు జరిగిన సంఘటనల్లో పది పన్నెండు ఎంచుకుని ఒక్కొక్క దానికి ఒక పేజీ రాయండి. మీకు అవమానం జరిగిన రోజు, మీరు మరొకరిని అవమానించిన రోజు, ఒక పిల్లవాడి వల్ల మీ వృత్తి మీద గౌరవం పెరిగిన రోజు, ఉద్యోగం వదిలేద్దామనిపించిన రోజు తప్పకుండా ఉండాలి. ఏం జరిగిందనేది రెండు వాక్యాల్లో ముగించి, అప్పుడు మీరు ఏం చేశారు, ఎందుకు చేశారు అనేది మిగతా పేజీ అంతా రాయండి. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి పెట్టే దరఖాస్తులాగా మాత్రం రాయకండి. అలా రాసే అలవాటు మనందరికీ ఉంది, అది ఈ పనికి పూర్తిగా అడ్డం వస్తుంది.

రాయడం పూర్తయ్యాక ఒక వారం పక్కన పెట్టి, తర్వాత ఒకే బైఠకులో మొత్తం చదవండి. మళ్లీ మళ్లీ ఒకే రకమైన చోట మీరు కదిలిపోయినట్టు, ఒకే రకమైన అన్యాయానికి మీకు నిద్ర పట్టనట్టు కనబడుతుంది. అక్కడ ఎర్ర సిరాతో గీత గీయండి.

ఇలాంటి గీత ఒక జీవితమంతా ఎలా సాగుతుందో చూడాలంటే మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితాన్ని చూడవచ్చు. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో పెళ్లి చేశారు; పెద్దయ్యాక ఆ బంధాన్ని ఆమె ఒప్పుకోలేదు. హిందీ నేర్చుకుని, చిన్న వయసులోనే రాజమండ్రిలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లినప్పుడు, తమ మీద ఉన్న కేసేమిటో కూడా తెలియని, చదువురాని స్త్రీ ఖైదీలను చూశారు. తర్వాత మెట్రిక్ నుంచి మొదలుపెట్టి ఎం.ఎ., ఆపైన న్యాయశాస్త్రం చదివారు. 1937లో మద్రాసులో ఆమె ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభకు మూలం, కొందరు ఆడపిల్లలను మెట్రిక్ పరీక్షకు తయారు చేయడం. 1958లో స్త్రీ విద్య కోసం ఏర్పడిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షురాలు. బాల్యవివాహం నుంచి జాతీయ కమిటీ దాకా నలభై ఏళ్ల దూరం ఉంది, హోదాలు ఎన్నో మారాయి, కానీ చదువు దక్కని ఆడపిల్ల అనే ఒక్క గీత ఎక్కడా తెగలేదు. ఎనిమిదేళ్ల వయసులో ఆమె తన ధ్యేయాన్ని రాసుకుని ఉండరు కదా. జీవించిన తర్వాత వెనక్కి తిరిగి చూస్తేనే అది కనబడుతుంది. మీ విషయంలోనూ అంతే. ధ్యేయాన్ని కొత్తగా కల్పించుకోవడం కంటే ఇప్పటికే ఉన్నదాన్ని వెతికి పట్టుకోవడం మేలు.

రెండో అడుగు: ముప్పై పనిదినాల నిర్ణయాల పట్టిక

ఈ సాధనలో అన్నింటికంటే ముఖ్యమైనది, అన్నింటికంటే కష్టమైనది ఇదే. బడి తెరిచిన రోజు నుంచి ముప్పై పనిదినాలు, ప్రతి సాయంత్రం, ఆ రోజు మీరు తీసుకున్న నిర్ణయాల్లో ఒకటి రెండు రాసుకోండి. పేజీని ఐదు గడులుగా విభజించండి: ఏం జరిగింది, ఎవరి విషయంలో, నేను ఏం చేశాను, ఆ క్షణంలో నా మనసులో ఏముంది, ఇదే పని మరొకరు చేసి ఉంటే నేను ఏం చేసేవాణ్ణి. పెద్ద నిర్ణయాలే రాయాలని లేదు. ఎవరికి సి.ఎల్. (సాధారణ సెలవు) వెంటనే ఇచ్చారు, ఎవరిని కారణం అడిగారు, ఆలస్యంగా వచ్చినవారిలో ఎవరికి హాజరు పట్టీలో ఎర్ర గీత పెట్టారు, ఎవరి తల్లిదండ్రులకు కుర్చీ చూపించారు, ఎవరిని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. మనిషి బయటపడేది ఇలాంటి చిన్నచోట్లలోనే.

ఆలోచించి అందంగా రాయడానికి ప్రయత్నించకండి, మనసులో ఏముందో రాసే గడిలో “కోపం”, “భయం”, “ఆయనకు ఉపాధ్యాయ సంఘంలో పలుకుబడి ఉంది”, “అలసట” లాంటి మాటలు చాలు. ముప్పై రోజులు నిండేవరకు వెనక్కి తిరిగి చదవకండి.

నా పట్టికలోని రెండు ఎదురెదురు పేజీల గురించి చెబుతాను. ఎడమ పేజీలో ఉన్నది మధ్యాహ్న భోజనం వండే అమ్మ సంగతి. ఆ రోజు భోజనం గంట కొట్టి ఇరవై నిమిషాలైనా అన్నం దిగలేదు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. నేను వంటషెడ్డు దగ్గరకు వెళ్లి, వాళ్లందరి ముందే, “రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు” అని గట్టిగా అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, పొయ్యిలో కట్టె లోపలికి నెట్టింది. సాయంత్రం అటెండర్ చెప్పాడు: “సార్, తప్పుగా అనుకోకండి. మూణ్ణెల్ల బిల్లు రాలేదండి. కొట్టు ఆయన పప్పు అప్పివ్వనంటే పొద్దున్న ఊళ్లో నాలుగిళ్లు తిరిగి తెచ్చిందండి.” కుడి పేజీలో ఉన్నది ఆ మరునాటి సంగతి. ఒక సీనియర్ స్కూల్ అసిస్టెంటు ఐదో పీరియడ్ తరగతికి వెళ్లకుండా సొంత పని మీద బయటకు వెళ్లి ఆరో పీరియడ్‌లో వచ్చారు. నేను రాసుకున్నది ఇంతే: “పరవాలేదు మాస్టారూ అన్నాను.”

అప్పటివరకు నేను నన్ను ఖచ్చితమైన మనిషినని అనుకునేవాణ్ణి, సిబ్బంది కూడా ఎదురుగా అలాగే అనేవారు. ముప్పై రోజుల పట్టిక ఒకేసారి చదివినప్పుడు నా ఖచ్చితత్వం తిరిగి మాట్లాడలేనివారి మీద మాత్రమే పనిచేస్తోందని తెలిసింది. వంటమ్మ, అటెండర్, కొత్తగా చేరిన ఉపాధ్యాయులు, కూలి పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులు ఒక వైపు. సంఘ నాయకులు, వయసులో పెద్దవారు, రాజకీయంగా పరిచయాలున్నవారు ఇంకో వైపు. రెండు వైపులా నేను రెండు వేరు వేరు మనుషులుగా ఉన్నాను. నా గురించి నాకు ఆ విషయం ఎంత ఆలోచించినా తట్టి ఉండేది కాదు.

మీరు పట్టిక చదివేటప్పుడు ఎవరి విషయంలో అనే గడి మీదే చూపు నిలపండి. ఒకే రకం తప్పుకు ఇద్దరి విషయంలో వేరు వేరు నిర్ణయాలు ఉన్నచోటల్లా గుర్తు పెట్టి, ఆ తేడాకు కారణం పిల్లల మేలా, మీ భయమా, మీ ఇష్టమా అని పక్కన రాయండి. కారణం పిల్లల మేలైతే ఆ తేడా న్యాయమైనదే. ఇరవై కిలోమీటర్ల నుంచి బస్సు మీద వచ్చే గర్భిణీ ఉపాధ్యాయురాలికీ, ఊళ్లోనే ఉండి ఆలస్యంగా వచ్చేవారికీ ఒకే గీత గీయడం సమానత్వం కాదు.

మూడో అడుగు: ఎదుటివారిని అడగండి, కానీ అడిగే తీరు తెలుసుకుని అడగండి

మన స్టాఫ్ రూముల్లో పెద్దవారి లోపం వారి ముఖం మీద చెప్పడం మర్యాద కాదు. అందుచేత స్టాఫ్ మీటింగులో “నా గురించి నిర్మొహమాటంగా చెప్పండి” అని అడిగితే మీకు దొరికేది పొగడ్త మాత్రమే, దాన్ని అభిప్రాయంగా లెక్కపెట్టకండి. ఒక్కొక్కరినీ విడిగా, హెచ్.ఎం. గదిలో కాకుండా వరండాలోనో చెట్టు కిందో, “నేను మంచిగా ఉన్నానా?” అని కాకుండా, “మన బడి ఇంకొంచెం బాగా నడవాలంటే నేను మానుకోవలసిన పని ఒక్కటి చెప్పండి” అని అడగండి. ఒక్కటే అడగడం వల్ల చెప్పేవారికి తాము తప్పులెన్నుతున్నట్టు అనిపించదు. మానుకోవలసిన పని అనడం వల్ల మాట మన స్వభావం మీదికి పోకుండా పని మీదే ఉంటుంది.

అడగవలసినవారు ఐదుగురు: అందరికంటే సీనియర్ ఉపాధ్యాయులు ఒకరు, అందరికంటే చిన్నవారు ఒకరు, అటెండర్ లేదా ఆయమ్మ, పాఠశాల యాజమాన్య కమిటీలోని ఒక తల్లి, మీ ఇంట్లో ఒకరు. విద్యా హక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. చాలా చోట్ల ఆ మహిళలు సంతకం పెట్టి వెళ్లిపోతారు. వారిని అడిగినవారే లేరు కాబట్టి వారి దగ్గర చెప్పడానికి చాలా ఉంటుంది. చెబుతున్నప్పుడు అడ్డు తగలకండి, కారణాలు చెప్పుకోకండి, “అది కాదండీ, ఆ రోజు ఏమైందంటే” అనే మాట నోటి దాకా వస్తుంది, దాన్ని అక్కడే ఆపండి. కృతజ్ఞత చెప్పి లేచి రండి. పది రోజుల్లోపు వారు చెప్పిన దానిలో కొంతైనా చేసి చూపించి, మళ్లీ వెళ్లి, “మీరు చెప్పారు కదా, ఇలా మార్చుకున్నాను” అనండి. మొదటిసారి చెప్పినది మీకు ఎంత తేలిగ్గా కనబడినా ఫరవాలేదు, అసలు విషయం రెండోసారి అడిగినప్పుడు బయటికి వస్తుంది.

పిల్లలను అడగడం దీనికంటే సులభం, దీనికంటే ఎక్కువ ఉపయోగం. ఎనిమిదో తరగతికి వెళ్లి ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చి, పేరు రాయవద్దని చెప్పి, “మన హెడ్మాస్టారు రోజూ చేసే పనులు మూడు రాయండి” అనండి. అభిప్రాయం అడగకండి, చూసింది మాత్రమే రాయమనండి. నాకు వచ్చిన చీటీల్లో ఎక్కువ వాటిలో ఉన్నవి ఇవి: మైకులో మాట్లాడతారు, ఫోన్ మాట్లాడతారు, కర్ర పట్టుకుని వరండాలో తిరుగుతారు. నేను ఆ కర్రతో ఎన్నడూ ఎవరినీ కొట్టలేదు. పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ అదే చట్టంలోని 17వ సెక్షన్ నిషేధిస్తుందని నేనే స్టాఫ్ మీటింగులో చదివి వినిపించాను కూడా. అయినా ఆ కర్ర నా చేతిలో ఉంది, నలభై మంది పిల్లలు దాన్ని చూశారు, నేను మాత్రం చూడలేదు. ఆ సాయంత్రమే కర్ర ఇంటికి తీసుకుపోయాను.

జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1955లో మనిషిని నాలుగు గదుల కిటికీగా చూపించారు. మనకూ ఇతరులకూ తెలిసినది, మనకే తెలిసినది, ఇతరులకే తెలిసినది, ఎవరికీ తెలియనిది ఆ నాలుగు గదులు. ఈ అడుగులో మీరు తెరుస్తున్నది మూడో గది. అధికారం పెరిగేకొద్దీ ఆ గది పెద్దదవుతుంది, ఎందుకంటే మనతో నిజం చెప్పడానికి కావలసిన ధైర్యం కూడా అంతే పెరుగుతుంది. అందుకే దీన్ని ఏడాదికి రెండుసార్లయినా చేయాలి.

నాలుగో అడుగు: మీ విలువలకు ధర కట్టండి

ఇప్పుడు ఒక కాగితం మీద మీరు నమ్మే విలువలు ఐదారు రాయండి. ఒక్కొక్క దాని ఎదురుగా, దాని కోసం మీరు చివరిసారి ఏం పోగొట్టుకున్నారో రాయండి: డబ్బు, సమయం, స్నేహం, పై అధికారి దగ్గర మంచి పేరు, ఏదైనా సరే. ఎదురుగా ఏమీ రాయలేని విలువను కొట్టివేయండి. అది చెడ్డదని కాదు. అది ఇంకా మీది కాలేదని మాత్రమే. నా కాగితం మీద మొదట రాసిన మాట సమానత్వం, మొదట కొట్టివేయవలసి వచ్చినదీ అదే.

ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐ.ఎ.ఎస్. అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారిని ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను. వెట్టిచాకిరీ నిర్మూలన కోసం, దళిత గిరిజనుల సంక్షేమం కోసం సర్వీసంతా పనిచేసిన ఆయన, తన సంపాదనను పేద విద్యార్థుల చదువులకు వెచ్చించారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు. ఆయన నమ్మినదేమిటో తెలుసుకోవడానికి ఎవరూ ఆయన ఉపన్యాసం వినవలసిన అవసరం లేకపోయింది.

ఐదో అడుగు: ధ్యేయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

మొదటి అడుగులోని ఎర్ర గీతలు, రెండో అడుగులోని పట్టిక, నాలుగో అడుగులో మిగిలిన విలువలు ఎదురుగా పెట్టుకుని, ఈ బడిలో మీరు ఎందుకు ఉన్నారో ఒక్క వాక్యం రాయండి. అందులో ఎవరి కోసం, ఏం మారాలి అనే రెండూ ఉండాలి. “నాణ్యమైన విద్యను అందించడం”, “విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధి” లాంటి మాటలు గోడ మీద రాయడానికి తప్ప నిర్ణయం తీసుకోవడానికి పనికిరావు.

నా వాక్యం ఇది: “ఈ బడిలో ఆరో తరగతిలో చేరిన ఏ పిల్లా పదో తరగతి పూర్తి చేయకుండా మానేయకూడదు.” అది నా తెలివితో పుట్టింది కాదు. మా అక్క ఏడో తరగతి వరకు నాకంటే బాగా చదివేది. హైస్కూలు పక్క ఊళ్లో ఉండటం వల్ల ఆమె ఆగిపోయింది, నేను సైకిలు మీద వెళ్లాను. మొదటి అడుగులో నేను రాసిన పన్నెండు పేజీల్లో నాలుగు, ఏదో ఒక రూపంలో, మధ్యలో మానేసిన ఆడపిల్లల గురించే ఉన్నాయి. ఉపాధ్యాయుడిగా పాతికేళ్లలో నాకు నిద్ర పట్టని రాత్రులన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు అర్థమైంది.

వాక్యం సరిగా ఉందో లేదో చూడటానికి మూడు పరీక్షలు పెట్టండి. అటెండర్‌కు చెబితే ఒక్కసారికే అర్థం కావాలి. రేపు ఉదయం చేయవలసిన ఒక పనిని అది మీకు చూపించాలి. మీరు కాదనవలసినది ఏదో ఒకటి అందులో ఉండాలి. మూడోది ముఖ్యం. పదో తరగతిలో నూటికి నూరు శాతం ఉత్తీర్ణత చాలా బడుల్లో ధ్యేయంగా చలామణి అవుతుంది. అది లక్ష్యమే తప్ప ధ్యేయం కాదని నా నమ్మకం. ఆ అంకె కోసమే పనిచేసినప్పుడు, వెనుకబడిన పిల్లవాడు మనకు చదువు చెప్పవలసినవాడుగా కాక శాతాన్ని తగ్గించేవాడుగా కనబడటం మొదలవుతుంది. తొమ్మిదో తరగతిలోనే అతన్ని ఎలా వదిలించుకోవాలా అనే ఆలోచన వస్తుంది. నా వాక్యం ఆ ఆలోచనను కాదంటుంది. దానివల్ల మా బడి ఫలితాల శాతం రెండేళ్లు మండలంలో వెనుకబడింది, సమీక్షా సమావేశాల్లో లేచి నిలబడి సమాధానం చెప్పవలసి వచ్చింది. ధర అంటే అది.

ఆరో అడుగు: వాక్యాన్ని టైం టేబుల్‌లోకి తీసుకురండి

ఒక వారం పాటు మీ సమయం దేనికి పోతోందో పీరియడ్ల వారీగా రాయండి. ధ్యేయానికి సంబంధించిన పనికి ఎన్ని పీరియడ్లు దక్కాయో లెక్కపెట్టండి. మొదటి వారం నాకు వచ్చిన లెక్క సున్నా. ఆన్‌లైన్ నివేదికలు, ఫోన్లు, సంతకాలు, సమావేశాలే మొత్తం తినేశాయి.

తర్వాత మూడు మార్పులు చేశాను. ప్రార్థన అయిన వెంటనే మొదటి పీరియడ్‌లో ఫోన్ అటెండర్‌కు ఇచ్చి, ఎనిమిది, తొమ్మిది తరగతుల హాజరు పట్టీలు తెప్పించుకుని, వరుసగా మూడు రోజులు రాని పిల్లల పేర్లు చూసేవాణ్ణి. బుధవారం సాయంత్రం ఆ పిల్లల ఇళ్లకు తరగతి ఉపాధ్యాయులతో కలిసి వెళ్లేవాణ్ణి. తొమ్మిదో తరగతికి వారానికి మూడు సాంఘిక శాస్త్రం పీరియడ్లు నేనే తీసుకున్నాను. మీ ధ్యేయం వేరు కాబట్టి మీ పనులు వేరుగా ఉంటాయి, అయితే వారంలో కనీసం ఐదు పీరియడ్లు దానికి దక్కేలా చూడండి. అందుకోసం ఇప్పుడు చేస్తున్న పనుల్లో ఒకదాన్ని మరొకరికి అప్పగించక తప్పదు, అప్పగించడం తెలియని హెచ్.ఎం. దగ్గర ఏ వాక్యమూ బతకదు.

ఏడో అడుగు: తప్పును జరిగిన చోటే ఒప్పుకోండి

ఇంతవరకు చేసినదంతా మీకు మీరు చేసుకున్నది. దాపరికం లేకపోవడం అనే గుణం ఇతరుల ముందు అడుగు వేసినప్పుడే మొదలవుతుంది. మీ ధ్యేయ వాక్యాన్ని స్టాఫ్ మీటింగులో చదవండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాలుగు వాక్యాల్లో చెప్పండి, దానికి వ్యతిరేకంగా మీరు నడిస్తే గుర్తు చేయమని అడగండి. అక్కడితో ఆపండి, వారిని కూడా వెంటనే ధ్యేయాలు రాయమని బలవంతం చేయకండి.

పదిమంది ముందు తిట్టి గదిలోకి పిలిచి క్షమాపణ చెప్పే అలవాటు మనకు ఉంది. అది సగం క్షమాపణ. ఎంతమంది ముందు తప్పు చేశారో అంతమంది ముందే ఒప్పుకోవాలి. పట్టిక చదివిన మరునాడు నేను భోజనం గంటకు వంటషెడ్డు దగ్గరకు వెళ్లి, పిల్లలు వరుసలో ఉండగానే, “ఆ రోజు కారణం అడగకుండా నిన్ను తిట్టాను. తప్పు నాది, క్షమించమ్మా” అన్నాను. ఆమె గరిటె పట్టుకుని ఒక క్షణం నన్ను చూసి, “పోనీలెండి సార్, పప్పు చల్లారిపోతుంది, పిల్లల్ని పంపండి” అంది. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ ఆ నెలలోనే ఇద్దరు ఉపాధ్యాయులు తమ తరగతుల్లో జరిగిన పొరపాట్లు నేను అడగకముందే వచ్చి చెప్పారు.

ఇతరుల వైఫల్యాన్ని తన మీద వేసుకోవలసిన సందర్భాలు కూడా వస్తాయి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు, ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలామ్ అయినా, పత్రికలవారి ముందు నిలబడి బాధ్యత తీసుకున్నది ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధవన్. 1980 జూలై 18న ప్రయోగం విజయవంతమైనప్పుడు పత్రికలవారితో మాట్లాడమని కలామ్‌ను ముందుకు పంపారు. మీ బడిలో ఒక ఉపాధ్యాయుడి పాఠం తనిఖీ రోజున సరిగా సాగకపోతే, అధికారి ముందు మీరు ఏం మాట్లాడతారన్నది సిబ్బంది ఏళ్ల తరబడి గుర్తు పెట్టుకుంటారు.

ఎనిమిదో అడుగు: ఎక్కడ ఆగాలో తెలుసుకోండి

మీరు మీరుగా ఉండటమంటే మనసులో ఉన్నదంతా బయటపెట్టడం కాదు. “నా తత్వం ఇంతే, కోపం వస్తే దాచుకోలేను” అనే మాటను నిజాయితీ అని పొరబడేవారు చాలామంది. కోపం నిజమే కావచ్చు, దాన్ని పిల్లల ముందు చూపించాలనే నిర్ణయం మాత్రం మీరు తీసుకున్నదే. ఒక ఉపాధ్యాయురాలు తన ఇంటి కష్టం మీతో చెప్పుకుంటే, పారదర్శకత పేరుతో అది మరొకరి చెవిన పడకూడదు. రాజకీయ ఇష్టాయిష్టాలు గేటు బయటే ఉండాలి.

మీకు నచ్చని ఉత్తర్వును అమలు చేయవలసి వచ్చినప్పుడు నచ్చినట్టు నటించకండి, అలాగని స్టాఫ్ రూములో దాన్ని తిట్టి కూడా కూర్చోకండి. “ఇది నా ఆలోచన కాదు. నా అభ్యంతరం రాతపూర్వకంగా పంపాను. జవాబు వచ్చేవరకు ఉత్తర్వు ఉత్తర్వే, పిల్లలకు ఇబ్బంది లేకుండా ఎలా చేద్దామో చెప్పండి” అనండి. అభ్యంతరం పంపానని చెప్పడానికి ముందు నిజంగా పంపి ఉండాలి.

తొమ్మిదో అడుగు: సంక్రాంతి సెలవుల్లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి

నోట్‌బుక్కును మొదటి నుంచి చదవండి. పది పనిదినాలకు మళ్లీ నిర్ణయాల పట్టిక రాసి పాతదానితో పోల్చండి. వీలైతే మరో మండలంలో పనిచేసే ఒక హెచ్.ఎం.తో జత కట్టి, ఒకరి పట్టికను మరొకరు చదవండి. పరాయి కన్ను అరగంటలో పట్టుకునేదాన్ని మనం ఆరు నెలలైనా పట్టుకోలేం. ధ్యేయ వాక్యం మారవలసి వస్తే మార్చండి, కానీ ఎందుకు మార్చారో తేదీ వేసి రాయండి. కష్టం వచ్చినప్పుడల్లా మారుతుంటే మాత్రం మొదటి అడుగు మళ్లీ చేయవలసి ఉంటుంది.

బదిలీ అయి చార్జి అప్పగించే రోజు వస్తుంది. స్టాక్ రిజిస్టర్లు, క్యాష్ బుక్, తాళాల గుత్తి అన్నీ జాబితా ప్రకారం అప్పగిస్తాం. ఆ జాబితాకు ఒక కాగితం అదనంగా జత చేయండి. నేను జత చేసిన కాగితం మీద పదకొండు పేర్లున్నాయి, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలవి. ఒక్కొక్క పేరు ఎదురుగా ఇల్లు ఎక్కడ, ఏ నెలల్లో బడికి రావడం ఆగిపోతుంది, ఇంట్లో ఎవరితో మాట్లాడితే మాట వింటారు అనే వివరాలు రాశాను. కొత్తగా వచ్చిన హెచ్.ఎం. ఆ కాగితం చదివి, మడిచి జేబులో పెట్టుకుని, మొదటి పేరు గల పిల్ల ఇల్లు ఎటువైపో అడిగారు.